గట్టిమేళం కింద

పురోహితుడు చెయ్యెత్తి, "గట్టిమేళం! గట్టిమేళం!" అని కేకేశాడు.

మీరావలి చెయ్యి లేచింది. లేచి, గాల్లోనే ఆగిపోయింది.

ఒళ్ళో డోలు ఉంది. ఎడమచేతిలో పుల్ల ఉంది. మైదా జిగురులో ముంచి ఆరబెట్టిన గుడ్డపేలికల తొడుగులు కుడిచేతి వేళ్ళకు బిగుసుకుని ఉన్నాయి. అన్నీ సిద్ధమే. దెబ్బ ఒక్కటే పడలేదు.

పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ ఒకరి నెత్తిన ఒకరు జీలకర్ర బెల్లం పెట్టారు. సరిగ్గా అప్పుడే మూడో వరసలో ఎవరో తుమ్మారు. మామూలు తుమ్ము కాదు. అద్దంకి ఫంక్షన్ హాలు రేకుల కప్పుకి తగిలి తిరిగొచ్చిన తుమ్ము. హాలంతా ఒక్కసారిగా నిశ్శబ్దమైపోయింది.

పక్కన నాదస్వరం పట్టుకున్న పీరు మోచేత్తో పొడిచాడు. అప్పుడు పడింది దెబ్బ. డోలు దద్దరిల్లింది. కానీ వినపడకూడనిది అందరికీ వినపడిపోయింది.

అక్షింతల వరస అయ్యీ అవకముందే పెళ్ళికూతురి మేనమామ వెంకటనారాయణ మేళం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆయన మెడనరాలు తాళ్ళలా తేలి ఉన్నాయి.

"ఏమయ్యా, నిద్రపోతున్నావా?"

"పొరపాటైందండి."

"పొరపాటా? నిన్ను పొద్దుటినుంచీ ఇక్కడ కూర్చోబెట్టింది ఎందుకు? ఆ ఒక్క క్షణం కోసం. ఆ క్షణంలో నీ డోలు తప్ప ఇంకేం వినపడగూడదు. తుమ్ము వీడియోలో కూడా పడింది! రేపు పిల్లకి జలుబు చేసినా మా అక్క నా ప్రాణం తీస్తుంది."

"నిజమేనండి."

"హయాత్ ఉన్నప్పుడు ఇట్టా జరిగేదా?"

మీరావలి తొడుగులు ఒక్కొక్కటే ఊడదీసుకుంటూ కూర్చున్నాడు.

భోజనాల వేళ పాటలకి పీరు మధ్యలో ఆగి పీక మార్చుకున్నాడు. నాదస్వరంలో పెట్టి ఊదే ఆ రెల్లు ముక్క తడిసి మెత్తబడితే మార్చాల్సిందే. మార్చినంతసేపూ డోలు ఒక్కటే నడుస్తుంది. అప్పుడు మీరావలి అలవాటు కొద్దీ చెవి అటు పెట్టాడు. హయాత్ అయితే పీక మారుస్తూనే వేలి వెండి ఉంగరంతో నాదస్వరం కర్ర మీద టక్, టక్ అని తాళం కొడుతూ ఉండేవాడు. నడిపించరా, నేనిక్కడే ఉన్నా అని దానర్థం. పీరు చేతికి ఉంగరం లేదు. ఆ అలవాటున్న మనిషీ కాదు.

"ఏరా, ఏమైంది నీకు?" సామాను సర్దుకునేటప్పుడు అడిగాడు పీరు.

"ఏదో వినపడింది అన్నా."

"ఏంది?"

"హయాత్ బావ."

పీరు సంచి తాడు కడుతున్నవాడల్లా ఆగాడు. చుట్టూ చూశాడు. గొంతు తగ్గించాడు.

"పెళ్ళివారింట్లో ఆ మాట అనమాక."

బస్టాండులో చిలకలూరిపేట బస్సు ఇంకా రాలేదు. మీరావలి డోలు సంచీని కాళ్ళ మధ్య పెట్టుకుని, ఫోన్ తీసి, ఇయర్ ఫోన్లు చెవుల్లో పెట్టుకున్నాడు. పొద్దున్నించీ వద్దనుకుంటూనే ఉన్నాడు. మొన్న ఈ పాట ఫోన్లోకి వచ్చినప్పటినుంచీ వద్దనుకోవడం, వినడం, ఇదే పని.

పంపింది నల్లపాడు స్టూడియో చైతన్యకృష్ణ. పారిస్ నుంచి ఒకావిడ ఓ ఆల్బం చేస్తోంది. అన్నీ పాత ఫ్రెంచి సినిమాపాటల్లాంటి పాటలు, వాళ్ళ ఊళ్ళల్లో రేడియోలో మోగినవి. వాటిని ఫ్రెంచి వాళ్ళు కాకుండా పై దేశాలవాళ్ళు వాయించాలి. ఒక పాట బ్రెజిల్ వాళ్ళది, ఒకటి ఆఫ్రికా వాళ్ళది, ఒకటి జపాను అమ్మాయిలది. మన దేశం వంతు పాటకి నాదస్వరం, డోలు. ఇంటర్నెట్టులో ఎవరిదో పెళ్ళి వీడియోలో హయాత్ వాయించింది విని ఆవిడే వెతుక్కుంటూ వచ్చింది.

పాట మొదలైంది. స్టేషన్లో నిలబడి, వెళ్ళిపోయిన రైలుకేసి చూస్తూ ఓ పిల్ల పాడే పాటట. మొదటిసారి విన్నప్పుడు హయాత్ పకపకా నవ్వి, "ఒరే మీరా, ఇది మనదేరా! అప్పగింతల పాట. వెళ్ళేవాళ్ళెవరో నిలబడేవాళ్ళెవరో, అంతే తేడా" అన్నాడు. అప్పగింతలకి వాయించినట్టే వాయించాడు.

రెండో చరణం చివర నాదస్వరం పైకి వెళ్ళింది. వెళ్ళి, అక్కడ తెగిపోయింది.

ఆ తర్వాత ఉండాల్సింది గట్టిమేళం. మీరావలి వాయించిన గట్టిమేళం. ఫిబ్రవరిలో, గుంటూరు మిర్చి యార్డు నిండిపోయి ఊరు ఊరంతా దగ్గుతున్న రోజుల్లో, అద్దాల గదిలో ఒక్కడూ కూర్చుని వాయించాడు. అద్దం అవతల హయాత్ వీపు మాత్రమే కనిపిస్తోంది. హెడ్ ఫోన్లలో నాదస్వరం తెగి, ఇంకేదో చప్పుడు మొదలైంది. మొదలవడమే తెలుసు. మిగతాది తెలీదు. ఎందుకంటే బుర్రకంటే ముందు చేతులు కదిలాయి. మేళం ఉన్నచోట ఏడుపు, తుమ్ము, దగ్గు ఎవడికీ వినపడగూడదని చిన్నప్పుడు చేతుల మీద కొట్టి నేర్పింది హయాతే. డోలు విరుచుకుపడింది. అది తగ్గేసరికి నాదస్వరం మళ్ళీ పాట అందుకుని ఉంది. చైతన్యకృష్ణ అద్దం మీద కొట్టి, "అదిరింది బాబాయ్!" అని చెయ్యి ఊపాడు. హయాత్ తువ్వాలుతో మొహం తుడుచుకుని, "ఘాటురా, పాడు ఘాటు" అన్నాడు. టీ తాగాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఇంటికొచ్చాడు. మర్నాడు తెల్లారుజామున ఫజర్ నమాజుకి లేపితే లేవలేదు.

ఇప్పుడు ఈ పాటలో ఆ చోట డోలు లేదు. తీసేశారు. దుప్పటి లాగేసినట్టు తీసేశారు. కింద ఉన్నది బయటపడింది.

నిండా నీళ్ళున్న బొక్కెనని ఎవరో చేదలేక చేదుతున్నట్టు, గుండె అడుగునించి ఒక చప్పుడు. దగ్గు కాదు. మూలుగూ కాదు. సాగుతూ, సాగుతూ...

మీరావలి ఇయర్ ఫోన్లు పీకేశాడు. బస్టాండులో హారన్లు, పల్లీలమ్మేవాడి కేకలు ఒక్కసారిగా మీద పడ్డాయి. చైతన్యకి ఫోన్ చేశాడు.

"ఆ గట్టిమేళం పెట్టెయ్యమని చెప్పు చైతన్యా."

"మళ్ళీ అదేనా బాబాయ్? పాట అక్కడ మెత్తగా ఉంది, డోలు మరీ ఎక్కువైందన్నారు వాళ్ళు. పైగా కింద ఉన్న ఆ నిట్టూర్పు ఉంది చూడు, అది తెగ నచ్చేసింది వాళ్ళకి. రైలు వెళ్ళిపోయాక ఆ పిల్ల వదిలిన నిట్టూర్పులా ఉందట."

"అది నిట్టూర్పు కాదు."

"మరి?"

మీరావలి డోలు సంచీని ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నాడు.

"చూడు బాబాయ్. ఎల్లుండి ఫైనల్ చేసేస్తారు. ఆ తర్వాత ఎవరం ఏం చెయ్యలేం. మార్చాలంటే హయాత్ బాబాయ్ తరఫున ఖుర్షిదా పిన్ని చెప్పాలి. పిన్ని వద్దంటే వాళ్ళు మారు మాట్లాడరు."

ఖుర్షిదా మీరావలికి సొంత అక్క. ప్రపంచంలో ఆ చప్పుడు వినకూడని మనిషి ఎవరన్నా ఉంటే ఆవిడే. ఆ రోజు నేను కప్పెయ్యకపోతే, చైతన్య పాట ఆపి ఏమైంది బాబాయ్ అని అడిగేవాడు. నల్లపాడు నుంచి గుంటూరు ఆసుపత్రులెంత దూరం? ఆటో ఎక్కితే ఎంతసేపు? మీరావలి ఈ లెక్క ఇప్పటికి ఎన్నిసార్లు వేసుకున్నాడో. అక్క కూడా వేసుకుంటుంది. వేసుకుని, తమ్ముడి మొహం చూస్తుంది.

ఆవిడ వినకుండానే ఆవిడ చేత వద్దనిపించాలి. అదీ పని.

కోల్డ్ స్టోరేజీ వెనక రేకుల షెడ్డులో మిరపకాయలు రాశులు పోసి ఉన్నాయి. ఆడవాళ్ళు వరసగా కూర్చుని తొడిమలు తీస్తున్నారు. మూతికి, ముక్కుకి తుండుగుడ్డలు. కళ్ళు మాత్రమే కనిపిస్తున్నాయి. అయినా మీరావలి అక్కని చేతులబట్టి గుర్తుపట్టాడు. రెండు వేళ్ళతో కాయని తిప్పి, బొటనవేలితో చిటుక్కున తొడిమ విరిచి, చూడకుండానే కాయ ఒక పక్కకి, తొడిమ ఒక పక్కకి. బొటనవేలి పక్క వేలికి వెండి ఉంగరం. వదులుగా ఉంటే లోపల దారం చుట్టుకుంది. అది హయాత్‌ది.

"ఏందిరా ఈ వేళప్పుడు? పెళ్ళి లేదా?" గుడ్డ కిందకి లాగి అడిగింది ఖుర్షిదా.

"నిన్న అయిపోయింది."

"విన్నాలే. తుమ్ము అద్దంకి దాటి ఇక్కడిదాకా వచ్చింది." పక్కన బసవమ్మ కిసుక్కున నవ్వింది. "ఏం, చేతులు తిమ్మిరెక్కాయా?"

"అక్కా, చైతన్య ఫోన్ చేస్తాడు. పాటలో నా డోలు తీసేశారు. పెట్టెయ్యమని ఒక్క మాట చెప్పు, చాలు."

"ఏ పాట? బావ పాటా?"

"అదే."

"వచ్చిందా అది?" చేతులు ఆగాయి. "నాకు వినిపించలేదేం?"

"ఇంకా పూర్తి కాలేదు. అయ్యాక విందువుగానీ."

"పూర్తి కాకుండా నన్నేం చెప్పమంటావు?"

"నా డోలు పెట్టమని..."

"నీ డోలు సంగతి నీకెందుకురా అంత? నీ పేరు పోద్దనా?" ఖుర్షిదా తమ్ముడి మొహంలోకి చూసింది. మిరపఘాటుకి ఎర్రబడ్డ కళ్ళు. ఆ కళ్ళలో వెటకారం మెల్లగా ఆరిపోయింది. "నువ్వు నా దగ్గర ఏదో దాస్తున్నావు."

"ఏం లేదక్కా."

"చిన్నప్పుడు అమ్మ డబ్బాలో బెల్లం తిని వచ్చి కూడా ఇట్టాగే నిలబడేవాడివి, చేతులు వెనక్కి పెట్టుకుని."

మీరావలి వెనక్కి పెట్టుకున్న చేతులు ముందుకి తెచ్చుకున్నాడు. ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు.

"వినకుండా నేనేం చెప్పను. రేపు పన్లోకి రానని మేస్త్రీకి చెప్తా. నల్లపాడు పోదాం." గుడ్డ మళ్ళీ ముక్కు మీదికి లాక్కుంది. చిటుక్, చిటుక్. తొడిమలు రాలసాగాయి.

స్టూడియో స్టేషన్ వెనక సందులో మేడ మీద ఉంది. మీరావలి భుజాన అలవాటుగా డోలు సంచీతో వీళ్ళు మెట్లెక్కుతుంటే గూడ్సు బండి ఒకటి వెళ్తోంది. దాచేపల్లి వైపునుంచి వచ్చే సిమెంటు బండి. అది దాటేదాకా చైతన్యకృష్ణ ఏమీ మొదలుపెట్టడు. ముగ్గురూ నిలబడ్డారు. అద్దాలు సన్నగా అదురుతున్నాయి. అద్దం అవతల ఖాళీ గదిలో హయాత్ కూర్చున్న పీట అలాగే ఉంది. ఖుర్షిదా దాన్ని చూసింది. అడగకుండానే తెలుసుకుంది.

గోడమీది తెరలో పారిస్ ఆవిడ కనిపిస్తోంది. పేరు సొలాంజ్. నెరిసిన జుట్టు, పెద్ద కళ్ళద్దాలు. వాళ్ళకి తెల్లారి ఎంతోసేపు కాలేదేమో, చేతిలో కప్పు ఉంది. ఆవిడ చేతులు జోడించి "నమస్తే" అంది. ఖుర్షిదా చెయ్యి నుదుటిదాకా ఎత్తి సలాం చేసింది.

చైతన్య పాట పెట్టాడు.

మీరావలి అక్కని చూడలేక కిటికీలోంచి పట్టాలకేసి చూస్తూ నిలబడ్డాడు. మొదటి చరణం. రెండో చరణం. పైకి. ఇంకా పైకి. తెగింది.

ఆ చప్పుడు గదిలోకి వచ్చింది. పెద్ద స్పీకర్లలో అది మరీ దగ్గరగా, మనిషి పక్కనే ఉన్నట్టు ఉంది.

పాట అయిపోయింది.

"ఆ చోటు ఇంకోసారి పెట్టు నాయనా," అంది ఖుర్షిదా.

"అక్కా, వద్దు."

"నువ్వుండు."

చైతన్య మళ్ళీ పెట్టాడు. ఖుర్షిదా తల కొంచెం పక్కకి వాల్చి వింది. తెలిసిన మనిషి గొంతు గోడ అవతలనించి వస్తుంటే వినే తీరు అది.

"ఈ చప్పుడు నాకు తెలుసు," అంది.

మీరావలి గిరుక్కున తిరిగాడు.

"కాయ కోతలు మొదలైన కాడ్నించీ ఇదే. తెల్లారుజామున లేచి, మంచం పట్టె పట్టుకుని కూర్చునేవాడు. ఏందయ్యా అంటే ఘాటు, నీ చీరెల్లో ఘాటు అనేవాడు. నిజమే కాబోలు అనుకున్నా. రోజంతా కాయల్లో కూర్చునేదాన్నే గదా. పన్లోంచి వచ్చి తలంటు పోసుకుని, వేరే చీరె కట్టుకుని గానీ పక్కకి పోయేదాన్ని కాదు. ఆయేషాకి పరీక్షలు, నాన్న చప్పుడు వింటే పిల్ల భయపడుద్దని టీవీ పెంచేదాన్ని." ఆగింది. "మీరాతో చెబుతానంటే, వాడు మేళాలు ఒప్పుకోవడం మానేస్తాడు, చెప్పమాకే అన్నాడు. చెప్పలా."

"నాకు చెప్పుంటే..."

"చెప్పుంటే. నువ్వు కొట్టకుండా ఉంటే. నేను టీవీ పెంచకుండా ఉంటే." ఆవిడ గొంతు కోపంగా లేదు. అలిసిపోయి ఉంది. "ఆర్నెల్ల నుంచి ఇంట్లో మిక్సీ తిప్పినా, టీవీ పెట్టినా, దాని కింద ఇది వినపడతానే ఉందిరా. నాకొక్కదానికే అనుకున్నా."

మీరావలి కిటికీ గోడకి ఆనుకుని కూలబడ్డాడు. అద్దంకిలో చెయ్యి ఎందుకు ఆగిందో అక్కకి చెప్పాల్సిన అవసరం ఇక లేదు.

తెరలో సొలాంజ్ ఏదో అడిగింది. చైతన్య తటపటాయిస్తుంటే ఖుర్షిదా అంది, "చెప్పు. అది పాటలో సోకు కాదని చెప్పు. ఆయనకి ఊపిరాడలేదని చెప్పు. తెల్లారేసరికి పోయాడని చెప్పు."

చైతన్య చెప్పాడు. సొలాంజ్ చేతిలోని కప్పు కింద పెట్టేసింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చెయ్యి తీసి మాట్లాడింది.

"ఆవిడ క్షమించమంటోంది పిన్నీ. తెలీదంది. ఆ చప్పుడు పూర్తిగా తుడిచేస్తారట. ఉన్నట్టు కూడా ఎవరికీ తెలీదట."

"తుడిస్తే అక్కడేముంటుంది?"

"ఏమీ ఉండదు. నాదస్వరం ఆగి, కాసేపటికి మళ్ళీ మొదలవుతుంది."

"ఆయన ఏదో టీ తాగడానికి వెళ్ళొచ్చినట్టు." ఖుర్షిదా తల అడ్డంగా ఊపింది. "వద్దు. ఉంచమను. తెలిసి ఉంచుకుంటే ఉంచుకోమను."

"అక్కా, ఊళ్ళు ఊళ్ళు వింటాయి," అన్నాడు మీరావలి.

"వింటే విననీ. విననిది మనమే."

ఆ మాట చైతన్య ఇంగ్లీషులోకి మార్చలేదు. తల దించుకుని మీటలు సవరించాడు. "ఇంకొకటుంది బాబాయ్" అన్నాడు. "ఆ చప్పుడు అయ్యాక వెనకాల సన్నగా ఏదో తగిలినట్టు ఉంటే, మైకుకి చెయ్యి తగిలిందేమో అని వాళ్ళు తగ్గించేశారు. నువ్వే చెప్పాలి అదేంటో."

మీటలు పైకి తోశాడు. చప్పుడు వచ్చింది, సాగింది, ఆగింది. ఆ నిశ్శబ్దంలో,

టక్.

టక్.

మీరావలి లేచి నిలబడ్డాడు. ఖుర్షిదా తన చేతికేసి చూసుకుంది. దారం చుట్టిన ఉంగరాన్ని వేలి మీద ఒకసారి తిప్పింది. పక్కనున్న కుర్చీ చెయ్యి కర్రది. దానిమీద మెల్లగా కొట్టి చూసింది. టక్. అదే.

ఊపిరి అందనప్పుడు కూడా తాళం తప్పనివ్వలేదు. నడిపించరా, నేనిక్కడే ఉన్నా. అద్దం అవతల మీరావలి ఒళ్ళు మరిచి గట్టిమేళం బాదుతుంటే, దాని కింద హయాత్ ఉంగరంతో చెబుతూనే ఉన్నాడు. జవాబు రాలేదు. రాకపోయినా కొట్టి, కొట్టి, ఒంటరిగా పాట అందుకున్నాడు.

"చైతన్యా," అన్నాడు మీరావలి. "ఆ ఒక్కచోటు నన్ను మళ్ళీ వాయించనిస్తారా? గట్టిమేళం కాదు."

చైతన్య తెర వైపు తిరిగి మాట్లాడాడు. సొలాంజ్ తలూపింది.

మీరావలి అప్పటి అద్దాల గదిలోకి వెళ్ళి డోలు ఒళ్ళో పెట్టుకున్నాడు. వార్లు లాగి, చర్మం బిగువు వేలితో చూసుకున్నాడు. అలవాటుగా తొడుగుల డబ్బా మూత తీశాడు. ఒక తొడుగు వేలికి ఎక్కించి, ఆగాడు. తీసేశాడు. పుల్ల కూడా కింద పెట్టేశాడు. ఉత్తి చేతులు చర్మం మీద పెట్టుకుని కూర్చున్నాడు.

హెడ్ ఫోన్లలో పాట మొదలైంది. అద్దం అవతల ఖుర్షిదా కుర్చీ ముందుకి లాక్కుని కూర్చుంది. ఆవిడ చెవుల మీద కూడా హెడ్ ఫోన్లు పెట్టాడు చైతన్య.

నాదస్వరం ఎక్కింది. తెగింది.

ఆ చప్పుడు మొదలైంది. మీరావలి కుడిచెయ్యి దానంతటదే లేచింది. ఇన్నేళ్ళ అలవాటు, చిన్నప్పుడు చేతుల మీద పడ్డ దెబ్బలు, అద్దంకి హాల్లో వెంకటనారాయణ తిట్లు, అన్నీ ఆ చేతిలో ఉన్నాయి. అతను దాన్ని గాల్లోనే పట్టి ఉంచాడు. చప్పుడు సాగుతోంది. బొక్కెన పైకి వస్తోంది. కళ్ళు మూసుకోబుద్ధయింది. మూసుకోలేదు. చివరిదాకా విన్నాడు. మొట్టమొదటిసారి చివరిదాకా.

ఆగింది.

అద్దం అవతల ఖుర్షిదా వేలు లేచి కుర్చీ చేతి మీద పడింది. ఆ చప్పుడు అద్దం దాటి రాదు. హెడ్ ఫోన్లలో హయాత్ ఉంగరం, కళ్ళెదుట ఆవిడ ఉంగరం, రెండూ ఒక్కచోటే పడ్డాయి.

మీరావలి ఉత్తి వేలిని చర్మం మీద వాల్చాడు. ఉన్నా అన్నట్టు, అంతే మెత్తగా. రెండో టక్కుకి రెండోది. తర్వాత ఆవిడ వేలి మీదినుంచి చూపు తిప్పకుండా నడిపించాడు.

నాదస్వరం తిరిగి పాట అందుకునేసరికి, డోలు అక్కడే ఉంది.